ఈవెంట్ అంటే ఫంక్షన్ ఒక్కటే కాదు: ఒక ఇంగ్లిష్ మాటను లోపలిదాకా చూడటం ఎలా

శ్రీకాకుళంలో మా వీధిలోనే ఉండే పిన్ని ఒకరు బాబాయికి విశాఖలో పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించి తీసుకొచ్చారు. మర్నాడు పొద్దున్నే డిశ్చార్జ్ కాగితాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. "బాబూ, ఏటి రాసేరు ఇందులో? మా గుంట సదివి మొకం మాడ్చుకుంది. నాకు రాత్రంతా నిద్దర లేదు" అన్నారు. వెనకాల ఇంటర్ చదివే మనవరాలు నిలబడి ఉంది. ఆ పిల్ల వేలు పెట్టి చూపించిన వాక్యం ఇది: "పోస్ట్ ఆపరేటివ్ పీరియడ్ వజ్ అన్‌ఈవెంట్‌ఫుల్."

అన్‌హ్యాపీ, అన్‌లక్కీ, అన్‌సేఫ్ అన్నీ చెడ్డ మాటలే కదా, ఇదీ అలాంటిదే అనుకుంది ఆ పిల్ల. ఈవెంట్ అంటే ఫంక్షన్ అని తెలుసు. ఆపరేషన్ తర్వాత ఫంక్షన్ ఏమిటో తెలియలేదు. తెలియనిచోట భయం వచ్చి కూర్చుంది. నిజానికి ఆ కాగితాలన్నిటిలో ఆ ఇంటికి కావలసిన మంచి కబురు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు, రోజులు మామూలుగా గడిచాయి అని డాక్టర్ రాశారు. చెప్పగానే పిన్ని అక్కడే మెట్టు మీద కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

నేను చాలా ఏళ్లుగా పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. మనల్ని ఇబ్బంది పెట్టేవి కొత్త మాటలు కావు. కొత్త మాట ఎదురైతే నిఘంటువు తీస్తాం. ఎప్పుడూ నోట్లో నానే మాటే మోసం చేస్తుంది, తెలుసనుకుంటాం కాబట్టి. ఈవెంట్ అలాంటి మాట. దీన్ని పట్టుకుని, ఒక మాట అర్థాన్నీ పుట్టుకనీ మీరే తవ్వుకోవడం ఎలాగో ఆ పిల్లకు ఎలా చెప్పానో అలాగే ఇక్కడ చెబుతాను. ఒక నోట్‌బుక్, పెన్ను, ఫోన్‌లో ఒక నిఘంటువు ఉంటే చాలు.

మొదట వాక్యాలు పోగు చేయండి

నోట్‌బుక్‌లో మాట ఒక్కటే రాసి ఎదురుగా అర్థం రాయడం మనకు బడిలో అయిన అలవాటు. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఆ మాట మీకు ఎక్కడెక్కడ కనిపించిందో వాక్యంతో సహా రాసుకోండి. వారం రోజులు చెవి అటు వేసి ఉంచితే చాలు, ఈవెంట్ మన ఊళ్లోనే నాలుగైదు వేషాల్లో దొరుకుతుంది.

పెళ్లి స్టేజీలు కట్టేవాళ్ల ఫ్లెక్సీల మీద ఉన్నది అందరికీ తెలిసిన ఈవెంట్. సినిమావాళ్ల ప్రీ రిలీజ్ ఈవెంట్ కూడా అదే. ముందే రోజు, చోటు అనుకుని జనాన్ని పిలిచి చేసేది.

రెండోది గ్రౌండ్‌లో దొరుకుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే పరుగుకు వచ్చే కుర్రాళ్లను అడగండి. "రిటన్ అయిపోయింది సార్, ఈవెంట్స్ ఉన్నాయి" అంటారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, వీటిని మన పిల్లలు ఈవెంట్స్ అనే పిలుస్తారు. ఇది ఆటల భాష నుంచి వచ్చింది. ఆట వేరు, ఆ ఆటలో ఒక్కో పోటీ వేరు. ఆ ఒక్కో పోటీనే ఈవెంట్ అంటారు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అక్కడ ఆట వెయిట్ లిఫ్టింగ్. ఈవెంట్ మహిళల 69 కిలోల పోటీ. ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తింది. పేపర్లో "69 కిలోల విభాగంలో" అని చదివాం కదా, ఇంగ్లిష్‌లో ఈవెంట్ అన్నచోట తెలుగు విలేకరి రాసుకున్న మాట ఆ "విభాగం".

మూడోది లెక్కల పుస్తకంలో ఉంటుంది. సంభావ్యత పాఠంలో నాణెం ఎగరేస్తే బొమ్మ పడటం ఒక ఈవెంట్, తెలుగు మీడియం పుస్తకంలో "ఘటన". ఇక్కడ పిలుపూ లేదు, పందిరీ లేదు. జరగడానికి వీలున్నది ఏదైనా ఈవెంటే. జరిగి తీరాలని కూడా లేదు.

నాలుగోది పిన్ని కాగితంలోది. ఆస్పత్రి భాషలో ఈవెంట్ అంటే తరచుగా జరగకూడనిది జరగడం. కార్డియాక్ ఈవెంట్ అంటే గుండెకు వచ్చిన కష్టం. అడ్వర్స్ ఈవెంట్ అంటే మందు వేసుకున్న తర్వాతో, టీకా వేయించుకున్న తర్వాతో వచ్చిన ఇబ్బంది. అందుకే అక్కడ అన్‌ఈవెంట్‌ఫుల్ అంటే శుభవార్త.

ఐదోది చాలామంది కళ్లు దాటిపోతుంది. ఇన్సూరెన్స్ కాగితాల్లో "ఇన్ ది ఈవెంట్ ఆఫ్ డెత్" అని ఉంటుంది. ఇది చదివి చావు కార్యం ఖర్చు కంపెనీ ఇస్తుందని అనుకున్నవాళ్లను చూశాను. పదో రోజు భోజనాలకు డబ్బు ఎప్పుడొస్తుందని నన్నే అడిగారు ఒకాయన. ఆ మాటకు అర్థం "మరణించిన పక్షంలో". ఒకవేళ అలా జరిగితే, అని. సంతకం పెట్టే ముందు ఇది తెలిసి ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత మాటను విప్పండి

ఇప్పుడు నిఘంటువు తెరవండి. పెద్ద ఇంగ్లిష్ నిఘంటువుల్లో అర్థాలతో పాటు పుట్టుక కూడా ఇస్తారు. సాధారణంగా దాన్ని దాటేసి కిందికి పోతాం. ఈసారి అక్కడే ఆగండి.

ఈవెంట్ ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చింది. దాని ఊరు లాటిన్. అక్కడ "ఎవెంటుస్" అంటే జరిగినది, ఫలితం, ఒక్కోసారి తలరాత. అది "ఎవెనీరే" అనే క్రియ నుంచి వచ్చింది. ఆ క్రియలో రెండు ముక్కలున్నాయి: "ఎక్స్" అంటే బయటికి, "వెనీరే" అంటే రావడం. బయటికి రావడం. అంతే.

ఈ రెండు ముక్కలూ నోట్‌బుక్‌లో పెద్దక్షరాలతో రాసి, పైన పోగు చేసిన వాక్యాల మీద పెట్టి చూడండి. నాణెం ఎగరేస్తే బయటికొచ్చినది. మందు వేసుకుంటే బయటపడినది. ఇన్సూరెన్స్ కాగితంలో, రేపు ఏది బయటికొస్తే ఏం చేయాలన్నది. పందిరి వేసి చేసే ఫంక్షన్ కన్నా ఇవే పాత అర్థానికి దగ్గర. ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో ఈవెంట్‌కు "ఒక పని నుంచి చివరికి తేలినది" అనే అర్థమే గట్టిగా ఉండేది. ఆటల్లో పోటీ అన్న అర్థం 19వ శతాబ్దంలో తోడైంది.

ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు. "ఈవెంచువల్లీ"లో దాక్కుని ఉంది. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో సగం మంది దీనికి "అప్పుడప్పుడు" అని రాస్తారు. "చివరికి, ఆఖరికి, పోగా పోగా" అని రాయాలి. ఈవెంట్ అంటే చివరికి తేలినది అని ఒకసారి పట్టుబడితే ఇక ఆ తప్పు రాదు. ఇందులోనే ఇంకో తమాషా. ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో ఇదే మాట లాంటి మాటకు "బహుశా, కావచ్చు" అని అర్థం. అదే తల్లి, పిల్లలు వేరు వేరు దారుల్లో పోయారు. విదేశంలో నర్సు ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

తోబుట్టువులను వెతకండి

ఒక మాట ఒంటరిగా గుర్తుండదు. దాని అక్కచెల్లెళ్లను పిలిస్తే గుర్తుంటుంది. "వెనీరే", అంటే "రావడం", ఇంగ్లిష్‌లో ఎన్ని ఇళ్లల్లో ఉందో చూడండి.

ఇంగ్లిష్‌లో అచ్చు వేయించిన శుభలేఖ ఒకటి తీయండి. ముహూర్తం కింద "వెన్యూ" అని ఉంటుంది. అది రావడమే, జనం వచ్చే చోటు. కన్వెన్షన్ హాల్లో "కన్" అంటే కలిసి, కలిసి రావడం. ఇన్వెంట్ అంటే ఒకదాని మీదికి రావడం, అంటే దొరకబుచ్చుకోవడం. ప్రివెంట్ అంటే ముందుగా రావడం. ముందే వచ్చి అడ్డు నిలబడ్డాడు అనుకోండి, ఆపడం అనే అర్థం దానంతటదే వస్తుంది. సావనీర్ మనసులోకి వచ్చేది.

నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది రెవెన్యూ. మనకు రెవెన్యూ అనగానే తహసీల్దారు ఆఫీసు, పట్టాదారు పాస్‌బుక్ గుర్తొస్తాయి. మాటలో ఉన్నది మాత్రం "తిరిగి రావడం". పెట్టినదానికి తిరిగి వచ్చేది. దీనికి మన తెలుగు మాట ఏమిటి? రాబడి. అందులోనూ ఉన్నది రావడమే. లాటిన్ ముక్కలతో ఈ మాట చేసుకున్న ఫ్రెంచ్‌వాడూ, వంశధార ఒడ్డున వరి వేసినవాడూ డబ్బు గురించి ఒకేలా ఆలోచించారు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చెవికి ఒకేలా వినపడినంత మాత్రాన చుట్టరికం కలపకండి. వెంటిలేటర్‌లో కూడా "వెంట్" ఉంది, కానీ అది గాలి అనే వేరే లాటిన్ మాట. ఈవెన్, ఈవినింగ్ ఇంగ్లిష్‌వాళ్ల సొంత పాత మాటలు, వాటికీ ఈవెంట్‌కీ సంబంధం లేదు. "ఈ వెంట" అని విడదీసి మన తెలుగులోంచే పోయిందని ఒక కుర్రాడు నాతో వాదించాడు. ఉత్సాహం మెచ్చుకున్నాను, మాట మాత్రం ఒప్పుకోలేదు. మాట పాత రూపం ఏమిటో, ఏ దారిన వచ్చిందో చూపించగలిగితేనే చుట్టరికం నిలబడుతుంది.

అలా నిలబడే చుట్టరికం ఒకటి ఉంది, చూడండి. లాటిన్‌లో మాట మొదట "వ" ఉన్న కొన్నిచోట్ల సంస్కృతంలో "గ" లేదా "జ", ఇంగ్లిష్‌వాళ్ల సొంత మాటల్లో "క" ఉంటుంది. మూడూ ఒకే పాత ధ్వని నుంచి వచ్చినవి. బతికి ఉన్న అనే అర్థంలో సంస్కృతంలో "జీవ", లాటిన్‌లో "వీవుస్", ఇంగ్లిష్‌లో "క్విక్". క్విక్ అంటే ఇప్పుడు త్వరగా అని, పూర్వం ప్రాణమున్న అని. ఇదే వరసలో లాటిన్ "వెనీరే"కి ఇంగ్లిష్ బంధువు "కమ్". సంస్కృత బంధువు "గమ్" ధాతువు. గమనం, ఆగమనం, సంగమం అన్నిట్లో ఉన్నది అదే.

కాబట్టి ముక్కకు ముక్క పెట్టి చూడండి. "కన్"కి "సం" (ఇవి అర్థంలోనే జోడీ, పుట్టుక వేరు), "వెన్"కి "గమ్". మూడు నదులు కలిసే సంగం గ్రామంలో శివుణ్ని సంగమేశ్వరుడంటున్నాం, కళ్యాణ మండపాన్ని కన్వెన్షన్ హాల్ అంటున్నాం. లోపలి "రావడం" ఒకటే. నాగావళి, సువర్ణముఖి, వేగావతి అక్కడ కలిసి వస్తాయి, ఇక్కడ చుట్టాలు కలిసి వస్తారు.

ఇక మన ఇంటికి రండి

మాటను విప్పడం వరకూ చేసి ఆగిపోతే సగం పనే. దాన్ని తెలుగులో ఎలా అనాలన్నది మిగిలి ఉంటుంది. ఈవెంట్‌కు ఒకే తెలుగు మాట కావాలని పట్టుబట్టకండి. వాక్యాన్ని బట్టి మాట ఎంచుకోండి. నేను ఎలా ఎంచుకుంటానో చెబుతాను.

"సంఘటన" చూడగానే అందరూ దాన్నే వాడేస్తారు. దాని అసలు అర్థం కలపడం. హిందీలో సంస్థకు వాడే సంగఠన్ కూడా ఇక్కడిదే. మన పేపర్లలో మాత్రం దానికి పోలీసుల వాసన పట్టింది, సంఘటనా స్థలం అంటే మనకు గుర్తొచ్చేది ఏమిటో మీకు తెలుసు. అందుకే మేనకోడలి ఓణీల వేడుకను సంఘటన అనకండి. "కార్యక్రమం" సభలకు, ఆఫీసు పనులకు బాగుంటుంది. ఇంట్లో చేసేది "వేడుక" లేదా "శుభకార్యం". పోటీల్లో "అంశం", "విభాగం". లెక్కల్లో "ఘటన". ఇన్సూరెన్స్ కాగితంలో "పక్షంలో".

కొన్నిచోట్ల వీటిలో ఏదీ వద్దు. అసలు దాని పేరే రాయాలి. 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. ఇంగ్లిష్ రిపోర్టుల్లో ఇలాంటిదాన్ని ఎక్స్‌ట్రీమ్ వెదర్ ఈవెంట్ అంటారు. దాన్ని "తీవ్ర వాతావరణ సంఘటన" అని తెలుగు చేస్తే, ముప్పై ఏళ్ల కొబ్బరి చెట్టు పడిపోయిన రైతుకు ఆ మాట ఏం చెబుతుంది? తుపాను అని రాయండి. ఆ మాటలోనే అన్నీ ఉన్నాయి.

విజయనగరం పైడితల్లి అమ్మవారి పండగ సంగతి కూడా అంతే. విజయదశమి తర్వాత వచ్చే సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. దాదాపు 60 అడుగుల మాను చివర పూజారి కూర్చుంటే, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. కింద నిలబడి తల పైకెత్తి చూస్తూ అరటిపండ్లు విసిరే జనం నోట ఆ రోజు వినపడేవి పండగ, జాతర, సంబరం అనే మాటలు. బందోబస్తు ప్లాన్‌లో ఇంగ్లిష్‌లో ఈవెంట్ అని ఉండవచ్చు, తప్పు లేదు. మీరు తెలుగులో రాస్తున్నప్పుడు మాత్రం "సిరిమాను ఈవెంట్" అనకండి. తొలేళ్లు అనే మాటకు ఇంగ్లిష్‌లో సాటి మాట లేదు, దాన్ని వదులుకుంటే మళ్లీ దొరకదు.

జాతర అన్నాను కదా, అది కూడా విప్పండి. యాత్ర అనే సంస్కృత మాట తెలుగు నోట్లో జాతర అయింది. యాత్ర అంటే వెళ్లడం. ఇప్పుడు మన "జరుగు" చూడండి. బస్సులో సీటు కోసం "కొంచెం అటు జరగండి" అంటాం. అదే మాటతో "పెళ్లి బాగా జరిగింది" అంటాం. కదలడమే జరగడం అయింది, లాటిన్‌వాడికి బయటికి రావడం జరగడం అయినట్టే. ఇది క్లాసులో చెప్పినప్పుడల్లా ఏదో ఒక పిల్ల కళ్లు పెద్దవి చేసి చూస్తుంది. రోజూ అనే మాటే, ఎప్పుడూ చూడలేదు.

ఇంకా దగ్గరిది ఒకటి ఉంది. మన జిల్లాలో ఎవరు ఎదురుపడినా ముందు అడిగేది "ఏటి సంగతి?" అని. సంగతిలో ఉన్నది "సం", దాని పక్కన "గతి". గతి అదే "గమ్" ధాతువు నుంచి వచ్చింది. అంటే లాటిన్ "వెనీరే"కి బంధువు. ఫ్లెక్సీ మీది ఈవెంట్, టీ బడ్డీ దగ్గరి సంగతి, ఈ రెండూ చాలా దూరం వెనక్కి వెళ్తే ఒకే ఇంటివి. ఈవెంట్ పరాయి మాట, సంగతి మన మాట అని గీత గీసేవాళ్లతో నాకు పేచీ లేదు, కానీ ఆ గీత కింద వేరు ఇలా ఉందని చెప్పకుండా ఉండలేను.

ఆఖరి పని: తిరగేసి పరీక్షించండి

మీరు రాసుకున్న తెలుగు సరైనదో కాదో తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. ఇంగ్లిష్ తెలియని పెద్దవాళ్లకు ఆ వాక్యం తెలుగులో చదివి వినిపించండి. వాళ్లు మళ్లీ ప్రశ్న అడిగితే వాక్యం ఇంకా కుదరలేదు. "శస్త్రచికిత్సానంతర కాలం సంఘటనారహితం" అని నేను కావాలనే పిన్నికి చదివాను. "అంటే ఏటి బాబూ?" అన్నారు. "ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు" అన్నాను. ఇక ఏమీ అడగలేదు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది, జనం మాట్లాడే భాషలోనే పుస్తకాలూ చదువూ ఉండాలని. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఒక ఆస్పత్రి కాగితాన్ని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం కూడా ఆ పనిలో భాగమేనని నా నమ్మకం.

ఈవెంట్ పూర్తయ్యాక అదే కుటుంబంలో ఆగకుండా పక్కింటికి వెళ్లండి. ఇన్సిడెంట్, యాక్సిడెంట్ రెండింటి లోపలా లాటిన్‌లో పడటం అనే క్రియ ఉంది. "ఏదో వచ్చిపడింది" అని మనం అనేది అదే. హ్యాపెన్‌లో ఉన్న "హ్యాప్" అంటే అదృష్టం, హ్యాపీ కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒక్కో మాటకు ఒక పేజీ చాలు, పైన వాక్యాలు, మధ్యలో ముక్కలు, కింద మన మాటలు.

పిన్ని మనవరాలు ఇప్పుడు అలాంటి నోట్‌బుక్ పెట్టింది. రెండో పేజీకి ఆ ఆస్పత్రి కాగితం పైనున్న "డిశ్చార్జ్" ఎంచుకుంది. బండి మీది సరుకు దించడం అని దాని తొలి అర్థం, కార్, కార్గో దాని తోబుట్టువులు. పేజీ కింద తెలుగు మాట కోసం రెండు రోజులు ఆలోచించి, పెన్సిల్‌తో "బరువు దిగడం" అని రాసి, నాకు చూపించడానికి తెచ్చింది.